భుజానికి తగ్గ సూటు... పత్తర్‌గట్టిలో!

సూటు అనగానే మీకు ముందుగా ఎవరు గుర్తొస్తారు? నాకు మాత్రం కృష్ణ గారే! 'గూఢచారి 116' 1966లో వచ్చింది. మా ఊరి హాలుకి సెకండ్ రన్‌లో వచ్చినప్పుడు నేల టిక్కెట్టు కొనుక్కుని చూశాను. పిస్తోలు సంగతి అటుంచండి... కోటు వేసుకుని ఆయన నడిచొస్తుంటే ఆ భుజాలు! స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. పెద్దయ్యాక మనమూ ఒకటి కుట్టించుకోవాలి అని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. ఆ ముచ్చట తీరడానికి యాభై ఏళ్ళు పైచిలుకు పట్టింది. ఎందుకంత ఆలస్యమయిందో, చివరికి ఎక్కడ తీరిందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ.

నేనూ సినిమావాణ్ణే. తెర మీద కాదు లెండి, పెట్టె కింద! 1978లో విజయవాడ గాంధీనగరంలో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేరాను. ఫిలిం పెట్టెలతో ఊరూరా తిరగడం, హాల్లో టిక్కెట్లు లెక్క చూసుకోవడం, మర్నాడు కలెక్షన్ రిపోర్టు పంపడం నా ఉద్యోగం. పదహారు రీళ్ళ బొమ్మ రెండు పెట్టెల్లో వచ్చేది. అర్ధరాత్రి బస్సు దిగితే కూలీ ఎక్కడ దొరుకుతాడు? ఒక పెట్టె ఎడమ భుజాన వేసుకుని హాలు దాకా ఒక నడక, మళ్ళీ వచ్చి రెండో పెట్టెకి ఇంకో నడక. ఇలా ముప్పై ఏళ్ళు దాటాయి. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక పెట్టెలు పోయాయి గానీ, దిగిన భుజం మాత్రం దిగినట్టే ఉండిపోయింది.

ఆ సంగతి మొదట బయటపెట్టింది 1988లో నా పెళ్ళి సూటు. ఏ షాపని అడక్కండి, చెప్పను. "రెండు రోజుల్లో ఇచ్చేస్తాం సార్" అన్నారు, ఇచ్చేశారు కూడా. వేసుకుని చూస్తే కాలరు మెడకి ఆనకుండా వెనక్కి విడిపోయింది. ఎడమ చెయ్యి వేళ్ళ దాకా కోటులోనే మునిగిపోయింది! మూడు నెలల జీతం ఆ గుడ్డకే పోసి ఉన్నాను. ఏం చేస్తాను? రిసెప్షన్‌లో తీసిన ప్రతి ఫోటోలోనూ ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకుని నిలబడ్డాను. మా అమ్మాయి అయిదేళ్ళప్పుడు ఆ ఆల్బమ్ తిరగేస్తూ "నాన్నా, ఇక్కడ నీ చెయ్యేదీ?" అని అడిగింది. నవ్వేసి ఊరుకున్నాను. ఇంకెప్పుడూ సూటు మాట ఎత్తలేదు.

ఆ పిల్లకే పెళ్ళి కుదిరింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. 2024 జనవరిలో నేను వాళ్ళింటికి వెళ్ళగానే "నాన్నా, రిసెప్షన్‌కి నువ్వు సూటు వేసుకోవాలి" అంది. కాదనగలనా! మర్నాడే ఇద్దరం ఒక పెద్ద మాల్‌కి వెళ్ళాం. రెడీమేడ్ కోటు తొడిగితే మళ్ళీ అదే కథ, ఎడమవైపు జారిపోయింది. కొలతలిచ్చి కుట్టించుకుంటే అక్షరాలా ఇరవై ఆరు వేలన్నారు. "అద్దెకి కూడా దొరుకుతాయి సార్" అన్నాడు సేల్స్ కుర్రాడు. పిల్ల పెళ్ళిలో అద్దె కోటేమిటండీ? ఎవరి చెమట కోటో మనం తొడుక్కుని పందిట్లో నిలబడటమా!

అప్పుడు గుర్తొచ్చింది పత్తర్‌గట్టి. పెట్టెల రోజుల్లో కాస్ట్యూమ్ పని చేసే మిత్రుడొకడు చెబుతుండేవాడు... "గురూ, షేర్వానీ కుట్టిన చెయ్యి కోటు కుడితే తిరుగుండదు" అని. నిజాం రోజుల్లో ఈ ఊళ్ళో ఆఫీసుకైనా, పండక్కైనా, పెళ్ళికైనా షేర్వానీయే. మెడ పట్టూ భుజం కోతా ఏమాత్రం తప్పినా షేర్వానీ దాచుకోదు. ఆ విద్య ఇంకా ఈ బజారులో బతికే ఉంది.

మర్నాడు ఒక్కణ్ణే బయల్దేరాను. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగి, అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటితే మదీనా చౌరస్తా. అక్కణ్ణుంచి చార్మినారు వైపు నడుస్తుంటే దారికి రెండు పక్కలా రాతి కమానుల వరుస... అదే పత్తర్‌గట్టి. పత్తర్ అంటే రాయి. 1908లో మూసీ నదికి మహా వరద వచ్చి నగరాన్ని తుడిచిపెట్టాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పు చేస్తూ ఆ బోర్డు కట్టించిన వరసలివి. కింద బట్టల కొట్లు, అత్తరు కొట్లు. పైన, వెనక సందుల్లో కార్ఖానాలు. చెవి పెట్టి వింటే చాలు, కుట్టు మిషన్ల చప్పుడు వానలా వినిపిస్తుంది.

మొదటి షాపులో "రేపు సాయంత్రానికి రెడీ సాబ్" అన్నారు. 1988 కళ్ళ ముందు గిర్రున తిరిగింది. దండం పెట్టి బయటికొచ్చాను. రెండో చోట "ట్రయల్ ఎన్నిసార్లు వేస్తారు?" అని అడిగితే "ట్రయల్ ఎందుకు సాబ్, మన కొలత తప్పదు" అన్నారు. అక్కడా ఆగలేదు. మీరూ గుర్తు పెట్టుకోండి, ట్రయల్ వద్దన్న చోట గుడ్డ ఇవ్వకండి.

ముందు గుడ్డ కొందామని ఒక కొట్టెక్కాను. అడ్డపన్నా 58 అంగుళాలుంటే కోటుకీ ప్యాంటుకీ కలిపి మూడుంపావు మీటర్లు చాలు. ఉన్ని కలిసిందా లేదా తేల్చుకోవాలంటే ఒక పోగు లాగి కాల్చండి. ఉన్నయితే వెంట్రుక కాలిన కమురు వాసన వేసి, వేళ్ళ మధ్య పొడైపోతుంది. ఉత్త పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కలిసిన టెర్రీవుల్ బొగ్గు రంగుది తీసుకున్నాను. మీటరు పన్నెండు వందల చొప్పున మూడు వేల తొమ్మిది వందలయింది. "మీరు కోట్లు ఎవరి దగ్గర కుట్టిస్తారు?" అని కొట్టు ఆయన్నే అడిగాను. ఆయన నవ్వి, పక్క సందులో మేడ మెట్లు చూపించాడు.

మెట్లు కాదు, నిచ్చెనే అనుకోండి! పైన చిన్న గది, నాలుగు మిషన్లు. గోడ మేకులకి వేలాడుతూ కాగితం కోతలు. మెడలో టేపుతో డెబ్బై ఏళ్ళ మాస్టర్ గారు. ఆయన టేపు తియ్యలేదు. "అటు కిటికీ దాక నడువుండ్రి సాబ్... ఇగ ఇటు రండ్రి" అన్నారు. వెళ్ళి వచ్చాను.

"ఎడమ భుజం జర కిందికున్నది. ఏం మోసిన్రు సాబ్?"

నా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ముప్పై ఆరేళ్ళ కింద నా ఒంటికి టేపు చుట్టినవాడు కనీసం ఈ ప్రశ్న అడగలేదు! "సినిమా పెట్టెలు మోశానండీ" అన్నాను. మాస్టర్ గారు కళ్ళజోడు సర్దుకుని "అయితే మా ఊరి టాకీసుకు బొమ్మ తెచ్చింది మీరే కావచ్చు!" అని చాయ్ తెప్పించారు.

తర్వాత అసలు లెక్క విప్పారు. కోటు ముందు భాగం లోపల వేసేది రెండు రకాలట. ఒకటి ఫ్యూజింగు, అంటే జిగురు గుడ్డని వేడికి అంటించడం. చవక, తొందరగా అయిపోతుంది, కానీ డ్రైక్లీనింగులకి ఎప్పుడైనా బుడగలు లేవచ్చు. రెండోది కాన్వాసు, చేత్తో కుట్టి నిలపాలి, ఖర్చు ఎక్కువ. "ఛాతీ వరకు కాన్వాసు పెడ్త, కిందికి ఫ్యూజింగ్ చాలు. మీ పైసలూ మిగులుతయి, కోటూ నిలుస్తది" అన్నారు. కుట్టుకూలి ఆరువేల అయిదు వందలు. గడువు మూడు వారాలు, రెండు ట్రయల్స్.

"భుజం తేడా కనబడకుండా చెయ్యగలరా?" అడిగాను.

"మెత్త పెట్టి సమానం చేస్త. కానీ పూరా దాచనియ్య సాబ్. పూరా దాస్తే మెత్త కనిపిస్తది, మీరు కనిపించరు."

పదిరోజులకి మొదటి ట్రయల్. తెల్లదారంతో కచ్చా కుట్లు వేసిన కోటు తొడిగారు. ఎడమ చెయ్యి అప్పటికీ కొంచెం దిగింది. నా గుండె జారింది. మాస్టర్ గారు మాట్లాడకుండా సుద్దతో రెండు గీతలు గీసి, ఆ చెయ్యిని నా ఒంటి మీదే పర్రుమని ఊడదీశారు! "భయపడకుండ్రి. ఊడదీసేదందుకే గద ట్రయల్" అని గుండుసూదులతో మళ్ళీ నిలబెట్టారు.

సినిమాల్లో అయితే కోటు వెనక పిన్నులు పెట్టి బిగించి పని కానిచ్చేస్తారు, కెమెరా ముందు నుంచే చూస్తుంది కనుక. పెళ్ళి పందిట్లో మనకి నాలుగు వైపులా చుట్టాలే కదా!

రెండో ట్రయల్‌కి కాలరు చొక్కా మెడకి అతుక్కుని కూచుంది. చొక్కా కఫ్ రెండు చేతులా సరిగ్గా అరంగుళం బయటికొచ్చింది. గుడ్డా కూలీ కలిపి పదివేల నాలుగు వందలు. రానూపోనూ బస్సు ఛార్జీలు కలిపినా మాల్ లెక్కలో సగం లేదు.

డబ్బిచ్చి వస్తుంటే మాస్టర్ గారు నా కాగితం కోతని మేకుకి తగిలించారు. దాని మీద ఉర్దూలో ఏదో రాసుంది. ఏమిటని అడిగితే "ఎడమకు అరంగుళం, సినిమా సాబ్" అని చదివి వినిపించారు.

రిసెప్షన్ ఫోటోలు మొన్ననే వచ్చాయి. అమ్మాయి ఒకటి ఫ్రేము కట్టించి పంపింది. అందులో నా ఎడమ చెయ్యి తన భుజం మీద ఉంది. పరీక్షగా చూస్తే నా ఎడమ భుజం ఇంకా వెంట్రుకవాసి కిందికే ఉందనుకోండి... ఉండనివ్వండి, ఎన్ని బొమ్మలు మోసిన భుజమది!