ఈత లెక్క తేలేదెలా?

కృష్ణా డెల్టాలో ఒకప్పుడు ఈతకు ఫీజు లేదు. నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి బాబాయో, మేనమామో కాలువలోకి దించేవారు. నాలుగు గుక్కలు నీళ్లు తాగేసరికి ఈత వచ్చేసేది. ఏలూరు కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరితే అదే పెద్ద మెడల్! ఇప్పుడు పిల్లల్ని కాలువలో దిగనిచ్చే అమ్మానాన్నలు అరుదు. ఈత కాలువ వదిలి కొలనుకు చేరింది. దాంతోపాటే ఫీజూ, కోచ్‌, స్టాప్‌వాచ్‌ వచ్చాయి. వాటి వెనకే ఓ ప్రశ్న కూడా... పిల్లల ఈతకు ఎంత ఖర్చు పెట్టాలి? వాళ్లను ఎంత ఈదించాలి?

గన్నవరంలోని ఓ ఇంట్లో నెలరోజులుగా ఇదే చర్చ. నాన్నకు సెల్‌ఫోన్ల దుకాణం. అమ్మ ప్రైవేటు స్కూల్లో టీచరు. పాపకు 11 ఏళ్లు. రెండేళ్ల కిందట సరదాగా వేసవి శిబిరంలో చేర్పిస్తే చేపపిల్లలా అల్లుకుపోయింది. వారానికి మూడు సాయంత్రాలు విజయవాడ వెళ్లి ఈదుతోంది. జిల్లా పోటీల్లో రెండో స్థానం వచ్చిన రోజున కోచ్‌ నాన్నను పక్కకు పిలిచారు. 'పాపలో విషయం ఉంది సార్‌. అడ్వాన్స్‌ బ్యాచ్‌లో వేయండి. వారానికి ఆరు రోజులు, రెండు పూటలా' అన్నారు.

ఆ రాత్రి నాన్న నోటు పుస్తకం తీశాడు. ఫీజు రెట్టింపు. కొత్త స్విమ్‌సూట్‌, గాగుల్స్‌, పోటీల ఎంట్రీ ఫీజులు, ఊళ్లు తిరిగే ఖర్చులు, పాలు, గుడ్లు... ఎలాగో సర్దుకోవచ్చనుకున్నాడు. అమ్మ మరో లెక్క వేసింది. గన్నవరం నుంచి విజయవాడ సుమారు 20 కిలోమీటర్లు. రానూపోనూ 40. రెండు పూటలకు 80. ఆరు రోజులకు 480 కిలోమీటర్లు! లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండైనా వారానికి దాదాపు పది లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు వంద దాటిన రోజుల్లో అంటే వారానికి వెయ్యి రూపాయల పైమాటే. అది ఏ రసీదులోనూ కనిపించదు.

అసలు ఖర్చు ఇంకోటుంది. పొద్దున అయిదున్నరకు నీళ్లలో దిగాలంటే నాలుగుంబావుకే లేవాలి. సాయంత్రం బ్యాచ్‌ ముగించుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. అన్నం, హోంవర్కు అయ్యేసరికి పది. మిగిలే నిద్ర ఆరు గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమంటారు నిద్ర నిపుణులు. 'నిద్రకు బిల్లు రాదు కాబట్టి లెక్కలో రాయవేంట్రా?' అన్నాడు తాతయ్య.

నాన్న వాదనా తీసిపారేసేది కాదు. 'ఎక్కువ కష్టపడితేనే కదా ముందుకెళ్లేది!' ఆయన రోజూ వెళ్లే దారిలోనే గూడవల్లి, నిడమానూరు. తెల్లవారకముందే స్టడీ అవర్‌ మొదలయ్యే హాస్టళ్లను చూస్తూ పెరిగిన ప్రాంతమిది. ఎన్ని గంటలు కూర్చుంటే అంత ర్యాంకు అనే నమ్మకం మనకు కొత్తేం కాదు. కానీ ఈత ఆ లెక్కకు లొంగదు. పదకొండేళ్ల వయసులో కావాల్సింది దూరం కాదు, తీరు. చెయ్యి నీళ్లలో ఎక్కడ పడుతోంది, ఊపిరి ఎప్పుడు తీసుకుంటోంది, గోడ దగ్గర ఎలా తిరుగుతోంది... ఇవి కుదరాలి. 50 మీటర్ల కొలనులో 4 కిలోమీటర్లంటే 80 పొడవులు. పొడవుకు 40 బారలేసినా రెండు చేతులూ కలిపి 3,200 సార్లు తిరగాలి. బార తప్పయితే ఆ తప్పునే 3,200 సార్లు సాధన చేసినట్టు! ఈతగాళ్లను ఎక్కువగా వేధించేది భుజం నొప్పే మరి. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలనీ, ఒకే ఆటకు అంకితం కావడాన్ని వీలైతే 15, 16 ఏళ్ల దాకా ఆపమనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది.

పెద్ద ఈతగాళ్ల దారులూ ఒక్కలా లేవు. బెంగళూరు అమ్మాయి ధీనిధి దేసింగు 14 ఏళ్లకే 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో ఈదింది. కేరళ కుర్రాడు సజన్‌ ప్రకాశ్‌ 2021లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించి, ఒలింపిక్స్‌ 'ఎ' ప్రమాణాన్ని అందుకున్న తొలి భారతీయ ఈతగాడయ్యాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈదిన నిషా మిల్లెట్‌ 2004లో పోటీలకు స్వస్తి చెప్పింది. కుటుంబం మీద పడుతున్న ఆర్థిక భారమే కారణమంది. ఒలింపిక్స్‌ దాకా వెళ్లినవాళ్లకే తప్పని లెక్క ఇది!

అలాగని చవకంతా మంచిదని కాదు. ఒక్కో లేన్‌లో పదిహేను మందిని దించి, కోచ్‌ గట్టున ఫోన్‌ చూసుకునే చోట తక్కువ ఫీజు కూడా దండగే. పదహారేళ్లు వచ్చాక పతకమే గురిగా పెట్టుకున్నవాళ్లకు రెండు పూటలా సాధన తప్పకపోవచ్చు. కష్టం వద్దని కాదు, దానికీ ఓ వయసుందని.

మర్నాడు నాన్న వెళ్లి కోచ్‌ను ఒకే మాట అడిగాడు. 'పదకొండేళ్లకు మెడల్‌ తెచ్చిన మీ పిల్లల్లో, పదహారేళ్లకు ఇంకా ఈదుతున్నవాళ్లు ఎంతమంది సార్‌?' కోచ్‌ కాసేపు ఆలోచించారు. వేళ్లు మడిచారు. రెండో వేలు దగ్గర ఆగిపోయారు. దాచకుండా చెప్పినందుకే ఆయన మీద గురి పెరిగింది. అప్పటిదాకా ఎవరూ అడగని మనిషిని ఇంటికొచ్చి అడిగితే, 'పొద్దున వద్దు నాన్నా. నాకు బ్యాక్‌స్ట్రోక్‌ టర్న్‌ సరిగ్గా రావట్లేదు. అది నేర్పమను' అంది పాప.

చివరికి వారానికి నాలుగు సాయంత్రాలని ఒప్పందం కుదిరింది. అందులో ఒకటి కేవలం టర్న్‌లకూ, బారలు దిద్దుకోవడానికీ. పదమూడేళ్లు నిండాక మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటారు. ఈలోగా రెండు పూటలా ఈదే పిల్లలు రాష్ట్ర పోటీల్లో ఆమెను దాటి పోవచ్చు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పాపకు కూడా.

మీ పిల్లల్నీ ఏదైనా క్లబ్బులో చేర్చబోతున్నారా? ఫీజు ఎంతని అడగండి, తప్పు లేదు. ఒక్కో లేన్‌లో ఎంతమంది, బార దిద్దేదెవరు, సెలవు ఏ రోజు అని కూడా అడగండి. ఆపైన ఇంటికొచ్చి, రేపు మళ్లీ వెళ్లాలని ఉందా అని పిల్లల్ని అడగండి. ఆ జవాబు 'ఊ' అయినంత కాలం పెట్టిన ప్రతి రూపాయీ నీళ్లపాలు కానట్టే!