కరెంటు పోతే ఏమవుతుంది?

మన అసోసియేషన్ కుటుంబాల్లో చేపల తొట్టె ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఉప్పునీళ్ళ తొట్టె పెట్టి, నడిరాత్రి దాని పక్కన చెంబు పట్టుకుని కూర్చున్నవాళ్ళు మాత్రం తక్కువ. ఆ తక్కువమందిలో నేనొకణ్ణి. ఎవరింటికైనా భోజనానికి వెళితే "ఆ తొట్టె కథ చెప్పండి" అని అడుగుతారు. సగం చెప్పేసరికి వడ్డనకి పిలుపొస్తుంది. అందుకని ఈసారి సావనీరులో మొత్తం రాసేస్తున్నాను. తొట్టె పెట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళకి పనికొస్తే సంతోషం.

ఇది 2003 వేసవి మాట. ఆ మే నెలాఖరున "ఫైండింగ్ నీమో" సినిమా వచ్చింది. మా అబ్బాయికి అప్పుడు ఏడేళ్ళు. చేపని సముద్రంలోంచి తెచ్చి తొట్టెలో పెట్టడం ఎంత అన్యాయమో ఆ సినిమా గంటన్నరసేపు చెప్పింది. మావాడికి అర్థమైందల్లా మనింట్లో కూడా అలాంటి తొట్టె ఒకటి ఉండాలని.

మాది మిషిగన్. చుట్టూ సముద్రాల్లాంటి సరస్సులున్నాయి గాని వాటిలో చిటికెడు ఉప్పు లేదు. నేను ఇంజనీరుని కదా, సముద్రాన్ని ఇంటికి తేవడం ఎంత పని అనుకున్నాను. డెబ్బైఐదు గాలన్ల ట్యాంకు కొన్నాను. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. నీళ్ళు, ఇసుక, రాళ్ళు అన్నీ కలిపితే దగ్గరదగ్గర వెయ్యి పౌన్లు. బల్ల గట్టిగా ఉందా, నేల సమతలంగా ఉందా అని ముందే చూసుకోవాలి. నింపాక కదల్చడం మన తరం కాదు.

అప్పుడు మా నాన్నగారు భీమవరం దగ్గర మా ఊరి నుంచి వచ్చి ఉన్నారు. లెక్కల మేష్టారుగా రిటైరయ్యారు. అమ్మ పోయాక ఇక్కడికి రావడం అదే మొదలు. పగలు మేమిద్దరం ఆఫీసులకి పోతే, ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు మీద కార్లు చూస్తూ కూర్చునేవారు. ఏం తోస్తోంది అని అడిగితే "బాగానే ఉందిరా" అనేవారు. బాగా లేదని మాకు తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

ట్యాంకు పెట్టెలు విప్పిన రోజున ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నారు. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ట్యాంకు మూలలో దువ్వెన పళ్ళలాంటి అంచున్న గోడ ఒకటి ఉంటుంది. దాన్ని దాటి పొర్లిన నీళ్ళు గొట్టంలోంచి కింద బల్లలో ఉన్న సంపులోకి దిగుతాయి. అక్కడ మురికి తీసే స్కిమ్మరు, నీళ్ళు వెచ్చగా ఉంచే హీటరు ఉంటాయి. అక్కణ్ణించి మోటారు నీళ్ళని మళ్ళీ పైకి తోస్తుంది.

"అంటే పైన ఓవర్‌హెడ్ ట్యాంకు, కింద సంపు, మధ్యలో మోటారు. ఇంతేనా?" అన్నారు. నేను రెండు వారాలు పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

కుళాయిల పని నేనెప్పుడూ చెయ్యలేదు. మనూళ్ళో మేస్త్రీ దారం చుట్టి, తెల్లరంగు పూసి బిగించడం చూశానంతే. ఇక్కడ మర ఉన్న చోట టెఫ్లాన్ టేపు, మర లేని చోట ఊదారంగు ప్రైమరు, దాని మీద పి.వి.సి. సిమెంటు. సిమెంటు పూసి గొట్టాన్ని లోపలికి తోసి, పావు చుట్టు తిప్పి, అర నిమిషం పట్టుకోవాలి. ఆ తరవాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా అది ఊడదు. నేను అంటించిన మొదటి ఎల్బో గోడవైపు తిరగాల్సింది పోయి, ఎదురుగా కూర్చున్న మా ఆవిడ వైపు తిరిగింది. కోసి పారేశాను. "దర్జీ ముందు కచ్చా కుట్టు వేస్తాడు చూడు, అలా అంటించకుండా అన్నీ అమర్చి, పెన్సిలుతో గీతలు పెట్టుకో" అన్నారు నాన్నగారు. రెండో ఎల్బో సరిగ్గా కూర్చుంది.

రెండో తప్పు బల్క్‌హెడ్ దగ్గర. ట్యాంకు అడుగున ఉన్న చిల్లుకి బిగించే ప్లాస్టిక్ సామాను అది. దాని రబ్బరు వాషరు నీళ్ళున్న వైపు, వెడల్పు అంచు కింద ఉండాలి. నేను నట్టు వైపు పెట్టాను. కారింది. కారుతోందని రెంచితో బిగించాను. నట్టు పుటుక్కుమంది. కొత్తది తెచ్చి, వాషరు సరైన వైపు వేసి, చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పితే సరిపోయింది. ఈ గొడవంతా మామూలు కుళాయి నీళ్ళు పోసి చూసినప్పుడే బయటపడింది కాబట్టి బతికాం. ఉప్పు కలపకముందు నాలుగు రోజులు మంచినీళ్ళతో నడిపి చూడండి. ఇది మాత్రం మరవద్దు.

సంపు నుంచి పైకెక్కే గొట్టం మెత్తనిది వేశాను. దాని మూతి ట్యాంకు నీళ్ళలో నాలుగంగుళాల లోతున పెట్టాను, నీళ్ళు పడే చప్పుడు రాకుండా ఉంటుందని. మోటారు వేస్తే నీళ్ళు కిందికీ పైకీ చక్కగా తిరిగాయి. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. నాన్నగారు ఆ గొట్టం వంక కాసేపు చూసి అడిగారు.

"కరెంటు పోతే ఏమవుతుంది?"

"ఇది అమెరికా నాన్నగారూ. ఇక్కడ కరెంటు పోదు."

"పోతే?"

"పోయినా నీళ్ళు వెనక్కి రాకుండా చెక్ వాల్వు పెట్టాను."

ఆయన మరి మాట్లాడలేదు. రోజుకి ఆరుగంటల కోత చూసిన మనిషి అలాగే అడుగుతాడులే అనుకుని నేను నవ్వుకున్నాను.

తరవాత ఉప్పు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, రాగి గొట్టాల రాగి ఉండొచ్చు. అందుకని వడపోసిన నీళ్ళే వాడాలి. లీటరుకి 35 గ్రాముల లెక్కన మా ట్యాంకుకి పది కిలోల ఉప్పు పట్టింది. వంటింటి ఉప్పు పనికిరాదు, సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వగైరా కలిసిన ఉప్పు ప్రత్యేకంగా అమ్ముతారు. "ఈ ఉప్పుతో ఊరందరికీ ఆవకాయ పెట్టచ్చు" అంది మా ఆవిడ. రోజూ కొంత నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గినంత మేరా మంచినీళ్ళే పొయ్యాలని నేను పుస్తకం తెరిచి చెప్పబోతుంటే "తెలుసురా, ఎండాకాలం మా చెరువులో ఉప్పు పెరిగితే కాలవ నీళ్ళు కలిపేవాళ్ళం" అన్నారు నాన్నగారు.

మా చెరువు అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. తొంభైల మొదట్లో ఆయన ఇంకో ఇద్దరితో కలిసి మొగల్తూరు వైపు నాలుగెకరాలు కౌలుకి తీసుకుని టైగరు రొయ్యలు వేశారు. నేనప్పటికే ఇక్కడున్నాను. 1995లో ఒక ఉత్తరం వచ్చింది. అందులో "వ్యాపారం లాభించలేదు, నువ్వు డబ్బు పంపనక్కరలేదు" అని రెండు ముక్కలున్నాయి. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నీళ్ళు సిద్ధమయ్యాయి గనక చేపల్ని తెచ్చేద్దామని మావాడు. కుదరదు. చేప విసర్జించేదంతా అమోనియా అవుతుంది, అది విషం. రాళ్ళ మీద, ఇసుకలో పెరిగే ఒకరకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. ఇంకోరకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి, అది కొంత నయం. ఈ జీవాలు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఖాళీ నీళ్ళని చూస్తూ కూర్చోవాలి. మావాడు ఏడ్చాడు. నాన్నగారు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రోజూ సాయంత్రం చిన్న సీసాలో నీళ్ళు తీసి, మందుచుక్కలు వేసి, రంగు చూసి, గళ్ళ పుస్తకంలో రాయించారు. మనవడికి గ్రాఫు గియ్యడం అప్పుడే వచ్చింది. అమోనియా గీత ఎక్కి దిగింది, దాని వెనక నైట్రైటు గీత ఎక్కి దిగింది. కుర్చీ మళ్ళీ కిటికీ వైపు తిరగలేదు.

ఆగస్టు 9, శనివారం నాడు రెండు క్లౌన్ చేపలు తెచ్చాం. అంగడతను "వైట్ స్పాట్ వస్తుంది, జాగ్రత్త" అన్నాడు. నాన్నగారి మొహం మారిపోయింది. "ఇక్కడా ఉందా అది?" అన్నారు. చేపలకొచ్చేది వేరే జబ్బని, చర్మం మీద పట్టే ఏకకణ పరాన్నజీవి అని, రొయ్యలకొచ్చేది వైరస్ అని చెప్పాను. తలూపారు గాని ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యలేదు.

అయిదు రోజులు గడిచాయి. ఆగస్టు 14, గురువారం, సాయంత్రం నాలుగు దాటింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. న్యూయార్కు నుంచి మిషిగన్ దాకా, అవతల కెనడాలోనూ, దాదాపు అయిదు కోట్లమందికి కరెంటు పోయింది. సిగ్నళ్ళు లేని రోడ్ల మీద పాక్కుంటూ నేను ఇల్లు చేరేసరికి ఏడయింది.

హాల్లో తివాచీ తడిసి ఉంది. నాన్నగారు పంచె ఎగగట్టి తువ్వాళ్ళు పిండుతున్నారు. మోటారు ఆగగానే ట్యాంకు నీళ్ళు అదే గొట్టంలోంచి వెనక్కి సంపులోకి దిగడం మొదలెట్టాయి. కొత్త చెక్ వాల్వు నోట్లో ఇసుక రేణువు అడ్డుపడి మూసుకోలేదు. సంపు నిండి పొర్లుతుంటే ఆయన చూసి, గొట్టం మూతిని నీళ్ళపైకి లాగేశారట. గాలి చొరబడగానే ధార ఆగిపోయింది.

తరవాత లెక్క కట్టాం. మా ట్యాంకులో ఒక్క అంగుళం మట్టం అంటే మూడుముప్పావు గాలన్లు. నాలుగంగుళాలంటే పదిహేను. సంపులో ఉన్న ఖాళీ ఎనిమిది. అంటే ఆయన లేకపోతే తివాచీ మీద ఏడు గాలన్ల ఉప్పునీళ్ళు. లెక్కల మేష్టారి కొడుకుని, ఇంజనీరుని, ఈ గుణకారం ముందు చెయ్యలేదు.

"నీళ్ళ సంగతి సరే, ఊపిరి మాటేమిటి?" అన్నారాయన. నీళ్ళు తిరగకపోతే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలే కాదు, రాళ్ళలో ఉన్న జీవాలూ దాన్ని వాడుకుంటాయి. మోటారు లేదు, బ్యాటరీతో నడిచే గాలిపంపు లేదు. నాన్నగారు వంటింట్లోంచి స్టీలు చెంబు తెచ్చారు. ట్యాంకు నీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ ట్యాంకులోనే పొయ్యడం. పడే ధారతో గాలి లోపలికి పోతుంది. అరగంటకోసారి పది నిమిషాలు. వంతులు వేసుకున్నాం. తెల్లవారుజాము మూడు నుంచి ఆరు దాకా తనకే కావాలన్నారు. "అదే గండం. రాత్రంతా ఊపిరి తగ్గుతూ వచ్చి, ఆ వేళకి రొయ్య గట్టుకొచ్చేస్తుంది."

నేను నిద్రపోలేదు. కొవ్వొత్తి వెలుగులో ఆయన నీళ్ళు పోస్తూ, నావైపు చూడకుండా చెప్పుకొచ్చారు. ఏరియేటర్లకి డీజిలు చాలక చెరువులో దిగి నీళ్ళు తన్నిన రాత్రులు. ఆ తరవాత కోస్తా అంతటా తెల్లమచ్చ వచ్చి, మూడు రోజుల్లో గట్టు వెంబడి రొయ్యలన్నీ తేలిపోవడం. అమ్మ గాజులు. భాగస్వాములిద్దరికీ అసలు తిరిగివ్వడానికి అమ్మిన ఇంటి వెనక దొడ్డి. "పక్క చెరువులో జబ్బు తగిలిందని తెలిసి కూడా, ఆ కాలవ నీళ్ళే తోడాను. మనదాకా రాదనుకున్నాను" అన్నారు. ఎనిమిదేళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పలేదట. నాకేం అనాలో తెలియలేదు. లేచి చెంబు అందుకున్నాను. "ఇంకా నా వంతు అవలేదు" అన్నారు.

శుక్రవారం రాత్రి కరెంటు వచ్చింది. చేపలు రెండూ బతికే ఉన్నాయి.

ఆ శనివారం గొట్టం మూతిని నీటిమట్టానికి అర అంగుళం కిందికి తెచ్చాం. మట్టానికి సరిగ్గా కింద గొట్టానికి పావు అంగుళం చిల్లు వేశాం. మట్టం కాస్త తగ్గగానే అందులోంచి గాలి దూరి ధార తెగిపోతుంది. ఆ చిల్లు నాచుతో పూడిపోకుండా నెలకోసారి తుడవాలి. మోటారు ఆపి, నీళ్ళన్నీ దిగాక సంపు పొర్లకుండా ఎంత నిండచ్చో చూసి, మామూలుగా నడిచేటప్పుడు మట్టం ఎక్కడుండాలో నాన్నగారు మార్కరుతో గీత గీశారు. దాని పక్కన "ఈ గీత దాటి పొయ్యవద్దు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో రాశారు. చెక్ వాల్వు తీసి పారేశాం.

ఆ రెండు చేపల్లో ఒకటి 2015 దాకా బతికింది. నాన్నగారు అంతకు ముందు సంవత్సరమే పోయారు. మావాడు కాలేజీకి వెళ్ళాక ట్యాంకు మన సభ్యుల్లోనే ఒక కుటుంబానికి ఇచ్చేశాం. సంపు మీద గీతా, రాతా చెరిపెయ్యవద్దని చెప్పి ఇచ్చాను.

ఇప్పటికీ ఎవరైనా కొత్తగా ట్యాంకు పెడుతూ సలహాకి ఫోను చేస్తారు. ఏ చేపలు కొనమంటారు అనే మొదట అడుగుతారు. చేపల సంగతి తరవాత చూద్దాం, కరెంటు పోతే ఏమవుతుందో ముందు చెప్పండి అంటాను. ఇది అమెరికా అండీ, ఇక్కడ పోదు అని నవ్వుతారు.

"పోతే?" అంటాను.