శ్రోతలు లేని కీర్తన

మా రాజంపేట చెంత తాళ్లపాకలో జనించిన అన్నమయ్య కీర్తన నొకదానిని యూట్యూబులో విన్నంతనే, దానిని విన్న అసంఖ్యాకులు తరువాత వేనిని వినిరో, ఎంతసేపు వినిరో గణించి, నేను దేనిని వినుటకు సంభావ్యత అధికమో అంచనా కట్టి, యూట్యూబు సూచనాయంత్రము మఱియొక కీర్తనను నా ముందుంచుచున్నది. తెలుగువాడైన సి.ఆర్. రావు 1945లో దత్తాంశమునుండి కట్టు అంచనాల కచ్చితత్వమునకు గల హద్దును నిరూపించిన సాంఖ్యకశాస్త్రమే దీనికి ఆధారము.

అయితే శతాబ్దములు తిరుమల సంకీర్తన భాండారమున రాగిరేకులపై మఱుగుపడి, 1922లో వెలుగు చూచిన అన్నమయ్య పదములలో అధికభాగమునకు నాడు శ్రోతలే లేరు. పూర్వశ్రోతల లెక్కపైననే నిలిచిన గణితము అట్టి శ్రోతలు లేని కీర్తనలను సూచింపజాలదు. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరింపగా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్నింటిని స్వరపఱుపగా ఆ పదములు మనకు దక్కినవి. కావున మిత్రులారా, యంత్రము చూపని కీర్తనను అప్పుడప్పుడు పేరు పెట్టి వెదకి వినుడు. మీ వినికిడియు రేపటి లెక్కలో చేరి మఱియొకరికి దారి చూపును.