తాళంచెవి పట్టుకుని వెళ్తే...

ఇంటర్ ఫస్టియర్‌లో మావాడు ఫిజిక్స్ తప్పాడు. ఆ రోజు నుంచి జనగామలోని మా ఇంట్లో తండ్రీకొడుకులకు మాటల్లేవు. "అన్నానికి రమ్మను", "నాన్ననడిగి ఫీజు డబ్బులియ్యి", అన్నీ నా ద్వారానే. దీనికంతటికీ మా మరిది అమెరికా నుంచి తెచ్చిన ప్లేస్టేషనే కారణమని మా ఆయన తేల్చేశారు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే పని నాకు పడింది.

తాళంచెవి పట్టుకుని వాడి గదిలోకి వెళ్లాను. గ్రాన్ టురిస్మో 7 పెట్టుకున్నాడు కానీ కారు నడపడం లేదు. తెర నిండా అంకెలు. ఒళ్లో నోటుబుక్కు.

"ఏందిరా ఇది?"

"సస్పెన్షన్ సెట్ చేస్తున్ననమ్మా. స్టీరింగ్ తిప్పినా కారు మలుగుత లేదు, ముందుకే జారిపోతుంది. అండర్‌స్టీర్ అంటరు."

యాంటీ రోల్ బార్ అని ఒకటుంటుందట. మలుపులో బండి ఒరిగిపోకుండా ఆపే కడ్డీ. ముందువైపు దాన్ని కాస్త మెత్తన చేసి, అదే ట్రాక్ మీద మూడు చుట్లు కొట్టి, టైం రాసుకున్నాడు. ఒకసారికి ఒక్కటే మార్చాలట. రెండు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. పులుసులో ఉప్పూ చింతపండూ ఒకేసారి పోసి తల పట్టుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి.

"అన్నీ గట్టిగ పెడితే అయిపోతది కదా?" అన్నాను. బీఏ తెలుగు బుర్ర మరి!

"మరీ గట్టిగ పెడితే గతుకు మీద టైరు గాల్లోకి లేస్తదమ్మా. నేలను పట్టుకోని టైరు దేనికి?"

తాళంచెవి కొంగుకు ముడేసుకుని వచ్చేశాను.

ఆ ఆదివారం మానుకోటలో మా తల్లిగారింటికి వెళ్లాం. మా నాన్న ఏళ్ల తరబడి భూపాలపల్లి నుంచి బొగ్గు లారీ నడిపిన మనిషి. మనవడు ఆట సంగతి చెప్పగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నువ్ జెప్పేది కమాన్ కట్టల ముచ్చటే గదరా! ఖాళీ లారీ గుంత గుంతకు ఎగిరి నడుం విరగ్గొడతది. బొగ్గు నిండితే అదే లారీ మెత్తగ ఊగుకుంట వోతది."

"బరువు పెరిగితే ఊగుడు నెమ్మదైతది తాతా. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదో ఆటల హెర్ట్జ్ లెక్కన పెడ్తం." అని ఆగాడు. "అమ్మా, ఇది మా ఫిజిక్స్‌ల డోలనాల పాఠమే!"

మా ఆయన పేపర్ చదువుతున్నట్టే ఉన్నారు కానీ పేజీ తిప్పలేదు. కాసేపటికి, ఎటో చూస్తూ అడిగారు: "మరి మన కారెందుకురా అంత ఎగురుతుంది?"

మూడు వారాల తర్వాత వాడితో నేరుగా అన్న మొదటి మాట అది.

"గాలి ఎక్కువ కొట్టించిన్రేమో నాన్నా."

తిరిగి బయల్దేరగానే బంకులో చూపించాం. నిజంగానే ఎక్కువుంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెకి తగ్గించారు. జనగామ దాకా తండ్రీకొడుకులు ముందు సీట్లలో టైర్ల గురించే మాట్లాడుకున్నారు. వెనకసీట్లో నేను నోరు మెదపలేదు.

సప్లిమెంటరీ ఇంకా రాయాలి. ఆట రోజుకో గంటేనని ఒప్పందం. బీరువాకి తాళం పడలేదు. ఇప్పుడు మా ఆయనే గది దాకా వెళ్లి, "అన్నానికి రారా" అని పిలుస్తున్నారు.