ఒక రాత్రికై కట్టిన పాట

నేను పల్లెబడులలో జీవితము గడపినవాడను. అందుచే మహారాజుల చరిత్రలకంటె పల్లె పంతుళ్ల కథలే నా మనస్సునకు దగ్గర. ఫ్రాంజ్ గ్రూబరు అట్టి పంతులే.

ఆస్ట్రియాదేశమున సాల్జాక్ నదీతీరమున ఓబెర్న్‌డార్ఫ్ అను చిన్న యూరు గలదు. పూర్వ మచ్చటివారు పలువురు ఉప్పు పడవలు నడిపి బ్రతికెడివారు. 1818 డిసెంబరు 24వ తేదీన ఆ యూరి చర్చిలోని సహాయ గురువు జోసెఫ్ మోర్, తాను 1816లో వ్రాసిన గేయమును గ్రూబరున కిచ్చి, రెండు గొంతులకును గిటారుకును తగిన వరుస కట్టుమని కోరెను. ప్రక్కయూరి బడిలో ఉపాధ్యాయుడైన గ్రూబరు నాడే వరుస కట్టెను. ఆ చలిరాత్రి క్రిస్మస్ ఆరాధనలో మోర్ గిటారు మీటుచుండగా ఇరువురును పాడిరి. గాయకబృందము వంత పాడెను. ఆ పాటయే 'సైలెంట్ నైట్'.

పాట దేశదేశములకు వ్యాపించెను. కట్టినవారి పేర్లు మాత్రము మరుగుపడెను. అది విఖ్యాతుడైన హేడన్ కృతి యని కొందరు తలచిరి. 1848లో మోర్ గతించెను. 1854లో బెర్లిను రాజాస్థాన సంగీతశాలవారు విచారింపగా, గ్రూబరు నిజమును వ్రాసి యిచ్చెను. అప్పు డతనికి 67 ఏండ్లు. వరుస తనదని చెప్పి యూరకుండక, గేయము మోర్ రచన యని స్పష్టముగ తెలిపెను. 1995లో మోర్ చేతివ్రాత ప్రతి యొకటి బయటపడినది. అందు వరుస గ్రూబరుదని వ్రాసియున్నది!

వరదలకు దెబ్బతిన్న ఆ పాత చర్చి నేడు లేదు. ఆ చోట నొక చిన్న స్మారకమందిర మున్నది. పాట మాత్రము మన తెలుగు చర్చిలలోను వినబడుచున్నది.

బాలలారా! మిత్రుడు ఎదుట లేనప్పుడును అతని పాలు అతనికే చెప్పుట సజ్జనుల గుణము. మీ పనికి పదుగురు మెచ్చిననాడు, మీకు తోడ్పడినవాని పేరు చెప్పుట మరువకుడు.