గోడకుర్చీ

మన ఇళ్ళల్లో ప్రయాణమంటే రెండే రకాలు. ఒకటి పెళ్ళికి, రెండోది మొక్కుకి. ఈ రెంటికీ పెద్ద ఆలోచనేం అక్కర్లేదు. పెళ్ళికైతే పట్టుచీర, మొక్కుకైతే పులిహోర పొట్లం, రెంటికీ కలిపి ఒక మరచెంబు. టిక్కెట్ల సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, మిగతా లోకమంతా మనం చూసుకుంటాం. కానీ మంచుకొండల మీద స్కీయింగుకి వెళ్ళే ప్రయాణం అలాంటిది కాదు. దానికి మనిషి మనిషికీ విడివిడిగా ఎత్తు, బరువు, కాలి సైజు దాకా రాసుకోవాలి. ఈ సంగతి నాకు ఈ రెండు నెలల్లోనే తెలిసింది.

మా అమ్మాయీ, అల్లుడూ ఫ్రాన్సులో తులూజ్‌లో ఉంటున్నారు. విమానాలు తయారుచేసే ఊరది. ఇద్దరికీ అక్కడే ఉద్యోగాలు. వచ్చే జనవరిలో మేమిద్దరం వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కణ్ణించి ఓ అయిదు రోజులు అండోరా వెళ్దామని పిల్లల ఆలోచన.

"అండోరా ఏమిటే? పండోరా పెట్టె అని విన్నాను గానీ" అన్నాను ఫోన్లో.

"దేశం అమ్మా! బస్సెక్కితే మూడు గంటలు" అంది అది, బెజవాడ నించి గుంటూరు చెప్పినంత తేలిగ్గా.

నిజంగా దేశమే. ఫ్రాన్సుకీ స్పెయిన్‌కీ మధ్య పిరనీస్ పర్వతాల్లో, రెండు పెద్దిళ్ళ నడుమ సందులో వేసుకున్న చిన్న వాటాలా ఉంటుంది. విస్తీర్ణం 468 చదరపు కిలోమీటర్లు, జనం 80 వేల పైచిలుకు. విమానాశ్రయం లేదు, రైలు లేదు, సైన్యం లేదు. ఏలికలు మాత్రం ఇద్దరున్నారు! 1278లో కుదిరిన ఒప్పందం ప్రకారం అటు ఉర్జెల్ బిషప్పు, ఇటు ఫువా ప్రభువు కలిసి ఏలుకోవాలన్నమాట. ఆ ప్రభువుగారి హక్కు చేతులు మారి మారి ఫ్రాన్సు రాజులకీ, వాళ్ళు పోయాక ఫ్రాన్సు ప్రెసిడెంటుకీ వచ్చింది. 1993లో అండోరా వాళ్ళు సొంత రాజ్యాంగం రాసుకున్నా, ఆ ఇద్దరు పెద్దల్నీ అలాగే ఉంచుకున్నారు. ఇద్దరు పెద్దల మధ్య కాపురం నెగ్గుకు రావడమంటే ఏమిటో, ఉమ్మడి కుటుంబాల్లో మెట్టినవాళ్ళం, మనకొకరు చెప్పాలా!

ఇంతకీ ఎప్పుడు వెళ్ళాలన్నది మొదటి తగువు. అక్కడ స్కీయింగు రోజులు డిసెంబరు మొదట్నించి ఏప్రిల్ మధ్య దాకా. క్రిస్మస్ నించి జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండగ దాకా ఒకటే రద్దీ. ఫిబ్రవరిలో ఫ్రాన్సు బడులకి సెలవులిస్తారు కనక అప్పుడు మళ్ళీ రద్దీ, రెట్టింపు ధరలు. మధ్యలో మిగిలేది జనవరి రెండో వారం, మూడో వారం. అంటే ఏమిటన్నమాట? సరిగ్గా మన సంక్రాంతి!

"భోగిమంట లేకుండా భోగేమిటి?" అన్నారు మావారు. "అరిసెలు చేసి పట్టుకెళ్తాను. మంటకి మాత్రం హోటలు వాళ్ళ చలిమంటతో సరిపెట్టుకోండి" అన్నాను. సంక్రాంతికి మూడు రోజులూ పొయ్యి దగ్గర నిలబడేది ఎవరో ఆయనకి తెలియనిదేం కాదు కనక, ఇంకేం మాట్లాడలేదు.

వీసా, ఇన్సూరెన్సు మావారి శాఖ. రిటైరయినా ఫైళ్ళ మీద మోజు తీరని మనిషి. ఆయన తవ్వి తీసిన సంగతులు రెండున్నాయి, మీకూ పనికొస్తాయి. అండోరా షెంజెన్ దేశాల జాబితాలో లేదు. అక్కడికి వెళ్ళామంటే ఫ్రాన్సు గడప దాటినట్టే లెక్క. మళ్ళీ లోపలికి అడుగుపెట్టాలంటే మన వీసా ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చినది కాకుండా, మల్టిపుల్ ఎంట్రీ అయివుండాలి. రెండోది, షెంజెన్ వీసాకి 30 వేల యూరోల వైద్య ఖర్చులు భరించే ఇన్సూరెన్సు ఎలాగూ తీసుకోవాలి. కానీ మామూలు పాలసీల్లో చాలావాటికి స్కీయింగు దెబ్బలు వర్తించవు. దానికి వేరే చేర్చి తీసుకోవాలి, మన వయస్సుకి అది వర్తిస్తుందా లేదా అన్నది కూడా అడగాలి.

తర్వాత బస. వంటిల్లున్న అపార్టుమెంటు తీసుకుంటే సగానికి సగం కలిసొస్తుందని అల్లుడు లెక్కేశాడు. పైగా అక్కడి భోజనం మనకి కుదరదట. క్యాబేజీ, బంగాళాదుంప కలిపి మెదిపి అట్టులా కాల్చి "త్రిన్‌షాత్" అని పెడతారు. వింటే నోరూరింది. చివర్న దాని మీద పందిమాంసం వేస్తారనేసరికి ఊరిన నోరు ఎండిపోయింది.

"అపార్టుమెంటయితే అత్తయ్యగారు ఇంత చారు పెట్టినా చాలు" అన్నాడు అల్లుడు. మంచివాడు, నా చారంటే ప్రాణం. కాదనను. కానీ, అమ్మలూ, మీరే చెప్పండి, వంటిల్లున్న సెలవు ఎవరికి సెలవు? మేం దిగాలనుకున్న సోల్దెవ్ ఊరు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో నీళ్ళు నూరు డిగ్రీలు కాకుండా 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కరు లేకపోతే కందిపప్పు ఎంతకీ ఉడకదు. ఈ శాస్త్రమంతా వినిపించి, పొద్దున ఫలహారమూ రాత్రి భోజనమూ వాళ్ళే పెట్టే హోటలు ఖాయం చేయించాను. శాకాహారమని ముందే రాస్తే చేసిపెడతామన్నారు. పచ్చడి సీసా మాత్రం నా పెట్టెలో ఉంటుందనుకోండి.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. అల్లుడు ఒక పట్టీ తయారుచేసి మా అందరికీ పంపాడు. పేరు, వయస్సు, ఎత్తు, బరువు, బూటు సైజు, ఎంతవరకు వచ్చు అని గళ్ళు. అతనికి "మధ్యరకం", అమ్మాయికి "కొద్దిగా", మావారి పేరు దగ్గర "కొత్త", నాలుగేళ్ళ మనవడి దగ్గర కూడా "కొత్త". నా వరుసలో గళ్ళన్నీ ఖాళీ. చివర్న, "అత్తయ్యగారు స్కీ చేయరు. బాబుతో రూములో ఉంటారు" అని.

కోపం రాలేదు. ప్రేమతోనే రాశాడు. నాకు యాభై ఎనిమిదేళ్ళు, మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకుంటానని వాళ్ళకి తెలుసు. అరవై నాలుగేళ్ళ మావారికి "కొత్త" అని ఎలా రాశాడని మాత్రం అనిపించింది. ఆయన మెట్లెక్కరు, లిఫ్టులో వెళ్తారు. బహుశా అందుకే ఆ మోకాళ్ళ సంగతి బయటపడలేదు!

అక్కణ్ణించి నేను ఆ పట్టీలో గళ్ళెందుకని ఆరా తీశాను. స్కీయింగంటే కాళ్ళకి రెండు పొడుగాటి పలకలు తగిలించుకుని మంచువాలు మీద జారడం. బూటుని పలకకి పట్టి ఉంచే బిగింపుని బైండింగంటారు. అది బూటుని పట్టుకోవడానికే కాదట, వదలడానికి కూడా. మనిషి పడి కాలు మెలితిరిగిందనుకోండి, పలక తనంతట తానే ఊడిపోవాలి, లేకపోతే ఎముక పోతుంది. ఎంత బలానికి ఊడాలన్నది మన బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, వచ్చిన విద్య చూసి బిగిస్తారు. బరువు తగ్గించి చెబితే ఊరికే ఊడుతుంది, పెంచి చెబితే ఊడాల్సినప్పుడు ఊడదు. పెళ్ళయిన దగ్గర్నించి ఎవరికీ చెప్పని అంకె చెప్పాల్సిన చోటు ఒకటుందన్నమాట లోకంలో!

బాటలకి కూడా రంగులున్నాయి. ఆకుపచ్చ నేర్చుకునేవాళ్ళకి, నీలం కొంచెం వచ్చినవాళ్ళకి, ఎరుపు బాగా వచ్చినవాళ్ళకి, నలుపు ఆరితేరినవాళ్ళకి. మొదటి రోజు ఆకుపచ్చ దాకా కూడా వెళ్ళనివ్వరు. కదిలే పట్టా ఒకటి మనని నెమ్మదిగా చిన్న మిట్ట మీదికి చేరుస్తుంది. అక్కణ్ణించి పలకల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి, వేగం తగ్గించుకుంటూ దిగడమే మొదటి పాఠం. ఎలా పడాలో, పడ్డాక ఎలా లేవాలో కూడా గురువులు నేర్పుతారట. పడ్డాక లేవడమంటారా, ఆ విద్యలో మనకి కొత్తేముంది!

ఈ చదువులోనే ఇంకో సంగతి కంటబడింది. ఆ కొండల్లో వందల ఏళ్ళుగా పశువుల్ని కాచి, పొగాకు పండించి, చలికాలాలు గట్టెక్కించిన ఆడవాళ్ళకి ఓటు వచ్చింది 1970లో. ఎన్నికల్లో నిలబడే హక్కు 1973లో. మన దేశంలో 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లోనే మా అమ్మమ్మ ఓటేసింది. అయితే ఆ ఎన్నికల్లోనే, తమ పేరు చెప్పకుండా "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి" అని మాత్రమే చెప్పుకున్న ఆడవాళ్ళని దాదాపు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. పట్టీలో మన పేరు మనమే చెప్పుకోవాలి, మన గళ్ళు మనమే నింపుకోవాలి. లేకపోతే ఎంత మంచివాళ్ళయినా ఆ గళ్ళు ఖాళీగానే వదిలేస్తారు.

అమ్మాయికి ఫోను చేశాను. "బాబుతో రూములో అని రాశారు గదా, వాణ్ణి మంచుబడిలో వేస్తున్నామని మొన్న నువ్వే చెప్పావు. వాడక్కడుంటే రూములో నేనెవరికి కాపలా? సూట్‌కేసులకా?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, "నీకు వెళ్ళాలనుందా అమ్మా?" అంది.

ఉంది. ఆ మాట అడిగినవాళ్ళు లేక, చెప్పే అలవాటు నాకూ లేక ఇన్నాళ్ళు గడిచిపోయింది. మావారు ఎక్కడికి తీసుకెళ్ళినా సంచులు కాస్తూ ఒడ్డున కూర్చున్నదాన్నే. విశాఖపట్నంలో సముద్రంలోకి కూడా చీలమండల దాకానే దిగాను.

మోకాళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, దాపరికం లేకుండా అడిగాను. ఎక్స్‌రే తీయించి చూశారాయన. అరుగుదల పెద్దగా లేదు, తొడ కండరాలు బలహీనంగా ఉన్నాయి, అవి గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది, మూడు నెలలు క్రమం తప్పకుండా వ్యాయామం చేసి రండి, అప్పుడు చూసి చెబుతానన్నారు. ఏం వ్యాయామమో తెలుసా? గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, లేని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడడం. మన గోడకుర్చీ! ఎక్కాలు రాకపోతే మాస్టారు వేయించే శిక్ష. స్కీయింగుకి వెళ్ళేవాళ్ళందరూ ముందుగా చేసే సాధన కూడా ఇదేనట.

మొదటి రోజు పన్నెండు సెకన్లు నిలబడ్డాను. కాళ్ళు వీణతీగల్లా వణికాయి. ఆరు వారాలయింది, ఇప్పుడు యాభై సెకన్లు. పాలు పొంగేలోపు ఒక కుర్చీ, కుక్కరు రెండో కూతకీ మూడో కూతకీ మధ్య ఇంకోటి. మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకోవడం ఇంకా పూర్తిగా మానలేదు గానీ, కిందటి వారం రెండు అంతస్తులు చేతిలో కూరల సంచితో ఎక్కాను. డాక్టరుగారు ఇంకా సరే అనలేదు. అనకపోతే పట్టా మీద వెళ్ళి, మిట్ట మీద నిలబడి, మంచుని చేత్తో తాకి వస్తాను. అదీ నా పేరు మీదే.

పట్టీలో నా వరుస నేనే నింపి పంపాను. బరువు కూడా, ఉన్నదున్నట్టు, 71 కిలోలు. చివరి గడిలో "కొత్త" అని రాశాను. "భేష్ అత్తయ్యగారూ!" అని అల్లుడి దగ్గర్నించి జవాబు. అది చూసి మావారు ఏమీ అనలేదు. నిన్న పొద్దున కాఫీ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి, ఎవరూ చూడడం లేదనుకుని, కేలండరు పక్కన గోడకి ఆనుకుని ఉన్నారు. చూడనట్టే వంటింట్లోకి వచ్చి, గడియారం చూశాను. తొమ్మిది సెకన్లు.