గునుగు దొరికే చోటు

మొన్న రాత్రి లైబ్రరీ మూసేశాక హాస్టల్‌కి నడిచొస్తుంటే మెకానికల్ బ్లాక్ మలుపులో గుప్పుమని వాసన. ఏడాకుల పాల చెట్టు పూసింది. పగలు ఆ చెట్టు అక్కడ ఉన్నట్టే తెలియదు, చీకటి పడితే రోడ్డంతా దానిదే. మా రూమ్మేట్‌ది గుంటూరు. వాడు ముక్కు మూసుకొని "తలనొప్పొస్తోంది రా బాబూ, ఎవడు నాటాడు దీన్ని" అన్నాడు. నేను మాత్రం ఇంకోసారి గట్టిగా పీల్చాను. నిజానికి మా ఊళ్లో ఈ చెట్టు లేదు. కానీ పొద్దున బైకు సీట్ల మీద మంచు తడి, వానలు వెలిసి కడిగినట్టున్న ఆకాశం, దాంతో పాటు ఈ వాసన, మూడూ కలిసి వచ్చాయంటే ఇంటి దగ్గర ఏం జరుగుతుంటుందో నాకు తెలుసు. రూముకి రాగానే క్యాలెండర్ చూశాను. పెత్రమాసకి ఇంకా నాలుగు రోజులే.

శరత్కాలం అనగానే మనవాళ్ల వాల్‌పేపర్లలో ఎర్రటి ఆకులు రాలుతుంటాయి. అది వేరే దేశాల సంగతి. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజం, కార్తీకం మనకు రాలే కాలం కాదు, పూసే కాలం. చెరువులు నిండి ఉంటాయి, గుట్టల మీద తంగేడు పచ్చగా విరగబూస్తుంది, చేన్లలో ఎవరూ విత్తనం వేయకుండానే గునుగు లేస్తుంది. బతుకమ్మ ఈ కాలంలోనే ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. పూలు ఉన్నాయి కాబట్టి, వాటిని సాగనంపడానికి నీళ్లు ఉన్నాయి కాబట్టి.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా దిక్కు ఇంటికొకరన్నా దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. మా ఇంట్లో ఆ ఒక్కరు బాపు. రెండేళ్లకోసారి రెండు నెలల చుట్టీ మీద వచ్చేవాడు, అదీ పెళ్లిళ్ల సీజన్ చూసుకొని ఎండాకాలంలో. అందుకని బతుకమ్మకి పూలు తెచ్చే పని ఆరో తరగతిలోనే నా నెత్తిన పడింది. పేర్చేది ఆడవాళ్లే అయినా పూల కోసం చేన్లెంట తిరిగేది ఎక్కువగా మగపిల్లలే మా ఊళ్లో. మొదటి ఏడాది ఏడుపు మొహంతో పోయాను. రెండో ఏటికి అది నా రాజ్యం అయిపోయింది. తంగేడు ఎస్సారెస్పీ కాలువ గట్టు వెంట. బంతి మా పెరట్లోనే. గుమ్మడి పువ్వు ఎదురింటి పెద్దమ్మ దగ్గర, అదీ ఆమె చూడనప్పుడు.

కష్టమల్లా గునుగుతోనే. బతుకమ్మకి ఎత్తు రావాలంటే గునుగే దిక్కు. వెండి రంగులో, కొసన కొంచెం గులాబీ రంగుతో, నక్క తోకలా ఉంటుంది. కోసి తెచ్చాక కాడలు సమానంగా కత్తిరించి, దారంతో చిన్న చిన్న కట్టలు కట్టి, రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఎన్నిరోజులున్నా వాడిపోదు. కానీ రైతుకి అది కలుపు మొక్క. గడ్డిమందు కొట్టడం అలవాటైన కొద్దీ చేన్లలో గునుగు తగ్గిపోయింది. ఒక్క చోట మాత్రం, చెరువు మత్తడి దాటాక, ఎవరూ దున్నని ఒక పడావు భూమిలో నడుములెత్తు గునుగు ఉండేది. అది కనిపెట్టింది నేను. దోస్తులకి కూడా చెప్పలేదు.

2018లో నేను ఎనిమిదో తరగతి. ఈసారిలాగే ఆ ఏడు కూడా అధిక మాసం వచ్చి పండగ అక్టోబరులోకి జరిగింది. ఎన్నడూ లేంది బాపు బతుకమ్మకి వచ్చాడు. నేను పుట్టిన తర్వాత ఆయన చూసిన మొదటి బతుకమ్మ అదేనని నాయనమ్మ అన్నది. మొదటి మూడు రోజులు సంబురంగానే ఉన్నాను. ఆ తర్వాత మొదలైంది నాకు. గేటు తాళం చెవి ఎక్కడుంటుందో ఆయనే చెప్పాలి, మోటరు ఆయనే వెయ్యాలి, నా సైకిలు చైను కూడా ఆయనే బిగించాలి. ఇప్పుడు ఆలోచిస్తే రెండేళ్లలో చెయ్యని పనులన్నీ రెండు నెలల్లో చెయ్యాలని ఆయన తండ్లాట. అప్పుడు నాకు అట్లా అనిపించలేదు. రోజూ ఇమోలో కనిపించే మనిషి ఫోన్లోంచి దిగొచ్చి నా చోట్లో కూర్చున్నట్టు అనిపించింది.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు. ఆ ఖాళీ చూసుకొని మేము దూరం పోయి సద్దుల కోసం గునుగు తెచ్చుకునేవాళ్లం. నేను సంచి, కొడవలి తీసుకొని బయల్దేరుతుంటే బాపు చెప్పులేసుకున్నాడు. "నేనొస్తా పా. గునుగు యాడుంటదో నీకేం ఎరుక? మీ తాతతోని చిన్నప్పటిసంది తిరిగినోన్ని నేను" అన్నాడు. వాకిట్లో నా దోస్తులిద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లు నవ్వలేదు. నవ్వారేమోనని నాకు అనిపించింది, అంతే.

సరే, నీకెరుక కదా, చూపియ్ అనుకొని వెనకాల నడిచాను.

ముందు గుట్ట వెనక్కి తీసుకెళ్లాడు. "ఇంతంత ఎత్తుండేది రా, దీంట్ల దాక్కుంటే కనవడకపోదుము" అని దారి పొడుగునా చెప్తూనే ఉన్నాడు. తీరా పోతే అక్కడ ప్లాట్లు. వరసగా తెల్ల సున్నమేసిన హద్దురాళ్లు, మధ్యలో ఎర్రమట్టి రోడ్డు. కొంచెంసేపు నడుము మీద చేతులు పెట్టుకొని చూశాడు. తర్వాత ఒక మక్క చేను, అది తోటయింది. ఇంకోటి పత్తి చేను, మందు కొట్టి శుభ్రంగా ఉంది, గడ్డి పోచ లేదు. మధ్యాహ్నం దాకా తిరిగాం. చెమటకి ఆయన కొత్త చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఒక చోటైతే మత్తడి వైపు దారి దగ్గరే నిలబడి "ఇటు ఏమన్నుంటదా?" అని నన్నే అడిగాడు.

"తెల్వది" అన్నాను.

ఇంటికొచ్చేసరికి సంచిలో పావు వంతు లేదు. నేను మూల కూర్చుని ఎవరితోనూ మాట్లాడకపోయేసరికి నాయనమ్మ "బతుకమ్మతోని పాటు వీడూ అలిగిండు" అని అందరినీ నవ్వించింది. బాపు సాయంత్రం జగిత్యాల పోయి నాలుగు కిలోల బంతి కొనుక్కొచ్చాడు. ఎంత పెట్టి కొన్నాడో అమ్మ అడిగితే చెప్పలేదు. సద్దుల నాడు అమ్మ ఆ బంతితోనే సిబ్బిలో వరసలు పేర్చింది. బాగానే ఉంది, కానీ పొట్టిగా ఉంది. చెరువు కాడ పక్కన పెట్టిన బతుకమ్మలు మా దాని నెత్తి మీదుగా తొంగి చూశాయి. బాపు ఆడవాళ్లకు దూరంగా కట్ట మీద నిలబడి ఫోన్లో వీడియో తీసుకుంటున్నాడు. మత్తడి అక్కడికి ఐదు నిమిషాల దూరం. దసరా అయిన వారానికి ఆయన మళ్లీ వెళ్లిపోయాడు. ఆ వీడియో క్యాంపులో రూమువాళ్లందరికీ చూపించాడట. అమ్మ ఈ మాట నాకు మామూలుగానే చెప్పింది, నాకే అన్నం దిగలేదు.

మొన్న ఎండాకాలంలో బాపు పూర్తిగా వచ్చేశాడు, ఇక పోయేది లేదు. ఇప్పుడేమో నేను ఇంట్లో లేను. మిడ్స్ సరిగ్గా ఎంగిలిపూల నాడు మొదలు. అటెండెన్స్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. సద్దుల నాటికి అందుకుంటానేమో.

నిన్న పొద్దున ల్యాబ్‌కి పోతుంటే ఫోను. బాపే. వెనకాల గాలి చప్పుడు.

"బిడ్డా, మీ అమ్మ గునుగు గావాలంటున్నది. ఏడ దొరుకుతదిరా? నాకు ఏం అర్థమైతలేదు, ఊరంత మారింది."

అందరినీ ముందు పొమ్మని మెట్ల మీద కూర్చున్నాను. మత్తడి దాటమన్నాను. ఈత చెట్లు రెండు వస్తాయి, ఎడమకి తిరుగు, కంచె కింద నుంచి దూరాలె, జర చూసుకో అన్నాను. ఫోను పెట్టెయ్యకుండా నడిచాడు. ఆయాసం వినిపిస్తోంది. తర్వాత అడుగులు ఆగిపోయాయి.

"అబ్బో" అన్నాడు. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "ఇది కొత్తగ మొలిచిందా? నేనొచ్చిన యేడు గూడ ఉండెనా?"

ల్యాబ్‌లో అటెండెన్స్ తీసుకుంటున్నట్టున్నారు, రోల్ నంబర్లు వినిపిస్తున్నాయి.

"ఉండె బాపూ" అన్నాను.

అటు నుంచి మాట లేదు. కొడవలి చప్పుడు మాత్రం వినిపించింది. కాడలు తెగుతున్నాయి, ఒకటి, ఇంకోటి.

"ఎన్ని కట్టలు గావాలెరా మీ అమ్మకు?" అన్నాడు చివరికి.

"ఎన్ని తెచ్చినా తక్కువే అంటది."

"అంటది" అని నవ్వాడు. "నువ్వు సద్దులకు వస్తవు గదా, గుమ్మడి పువ్వు ఏడ దొరుకుతదో గూడ సూపియ్యాలె."